కాటుకరేకుల పొడ

పలనాటిసీమను గూర్చి శ్రీనాథమహాకవి చెప్పినదని లోకమున వాడుకలోనున్న చాటుపద్యమొకటి చదువరులకు తెలిసినదే. మా సీమలోని రాళ్లను, మెట్టపంటల కూటిని పరిహసించుచు కవి ఆ వరుసలోనే పాములను, తేళ్లను గూడ చేర్చెను. మేము పలనాటివారము ఆ పద్యమును నవ్వుచునే చదువుకొందుము. నాగార్జునసాగరపు కుడికాలువ వచ్చిన పిమ్మట పెక్కు గ్రామములలో జొన్నకూడు పోయి వరియన్నము వచ్చినది. మెట్టచేలలో ప్రత్తియు మిరపయు విరివిగా పండుచున్నవి. కవి యెత్తిపొడిచిన వానిలో చాల సంగతులు మాఱినవి. పాములు మాత్రము పోలేదు. నాపరాతిగోడల సందులలో, ప్రత్తికట్టెల వాముల క్రింద, ఎలుకలు తిరుగు కళ్లములలో నవి నేటికిని కాపురముండును. వానిలో రక్తపింజరి మిక్కిలి యపాయకరమైనది.

కొన్నియేండ్ల క్రిందట నేను గురజాల ప్రాంతమున ఉపాధ్యాయుడుగా నున్నప్పుడు నా విద్యార్థి యొకని తండ్రిని ప్రత్తిచేలో సందెవేళ రక్తపింజరి కఱచెను. ఇంటివారు మంత్రగాని యొద్దకు గొనిపోయిరి. ఆయన వేపమండలతో విసరి, ఆకుపసరు త్రాగించి, కాలికి త్రాడు బిగించి, తెల్లవాఱువఱకు నిద్రపోనీయక కూర్చుండబెట్టెను. ఉదయమున రోగి కన్నులు తేటపడి గంజి త్రాగెను. గండము గడచినదని యూరివారు కొబ్బరికాయలు కొట్టిరి. మఱునాడు పిల్లవాడు బడికి వచ్చి యీ సంగతి చెప్పగా నేనును సంతసించితిని. వాడు వాకిటివఱకు పోయి మరల వచ్చి, "అయ్యవారూ, మొన్నటినుంచి మా నాయనకు ఒంటికి రావడం లేదండి" అనెను. నీరసముచేత కాబోలునని తలచి, "నీళ్లు బాగుగా త్రాగుమని చెప్పు" మని పంపివేసితిని. నాలవనాటికి రోగి మొగమును కాళ్లును ఉబ్బినవి. ఎక్కిళ్లును వాంతులును పుట్టినవి. అప్పుడు పట్టణమునకు గొనిపోయిరి. ఎనిమిదవనాడు మరణించెను. ఊరిలో నెవ్వరును అతడు పాముకాటుచేత చనిపోయెనని యనలేదు. పాముకాటు మంత్రముతో దిగిపోయినదట. పిమ్మట నేదో వేఱు జబ్బు చేసినదట!

ఆ పిల్లవాని మాట నన్ను విడువలేదు. కాలిమీది కాటునకును, మూత్రము నిలిచిపోవుటకును గల సంబంధమును తెలిసికొనగోరి నేను చదువగా తేలిన చరిత్రను ఇందు సంగ్రహముగా చెప్పుచున్నాను.

పాముపేరుతో మొదలిడెదను. 18వ శతాబ్ది చివర విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండుదేశపు వైద్యుడుండెను. ఆయన యంతకుముందు అలెప్పో నగరమున చిరకాలము వైద్యము చేసి, ప్లేగువ్యాధిని గూర్చి పరిశోధించినవాడు. తన సోదరుడు కుంపిణీ యుద్యోగమునకు రాగా 1781లో ఆయనయు వెంట వచ్చెను. 1785లో కుంపిణీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఆయన పాములను తెప్పించి, వాని పొలుసులను లెక్కించి, కోఱలను పరీక్షించి, బొమ్మలు వ్రాయించి, 1796లో కోరమాండలు తీరపు సర్పములను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. విషముగల పామేదో, విషములేని పామేదో గుర్తించుటకు సులభమైన లక్షణములను కనిపెట్టవలెనని యాయన కోరిక.

ఆ గ్రంథములోని సర్పనామములు చాలవఱకు మన తెలుగుమాటలే. కొండచిలువను ఆయన 'పెద్దపొడ' యని వ్రాసెను. శాస్త్రజ్ఞులు నేటికిని కట్లపాముల జాతిని 'బుంగారస్' అందురు. అది మన బంగారుపామే. రక్తపింజరికి ఆయన విని వ్రాసికొన్న పేరు 'కాటుకరేకుల పొడ'. పొడ యనగా మచ్చ. ఆ పాము వీపున గోధుమవన్నె మచ్చలు బారులు తీఱి, ఒక్కొక్కదాని చుట్టును నల్లని యంచు కనబడును. పూలరేకులకు కాటుక దిద్దినట్లుండును. దాని విషమును కోళ్లపైనను కుక్కలపైనను పరీక్షించి, నాగుపాము తరువాత దీనినే చెప్పవలెనని రస్సెల్ నిర్ణయించెను. 1797లో ఆంగ్లశాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరే పెట్టిరి. నాటినుండి లోకమంతయు దానిని రస్సెల్ వైపర్ అనుచున్నది. ఆ పేరుగల పండితునికి పామును చూపి పేరు చెప్పిన తెలుగువా రెవరో చరిత్రకు తెలియదు.

మన పూర్వులు ఈ జాతి విషము నెఱుగనివారు కారు. సుశ్రుతసంహిత కల్పస్థానమున పాములు పడగగల దర్వీకరములనియు, మచ్చలుగల మండలులనియు, చాఱలుగల రాజిమంతములనియు విభజింపబడినవి. మండలివిషము పిత్తమును ప్రకోపింపజేయుననియు, ఆ కాటును కాల్చరాదనియు, కాల్చినచో విషము వ్యాపించుననియు సుశ్రుతుడు హెచ్చరించెను. ఇది రోగి ప్రక్కన కూర్చుండి చూచినవాడు చెప్పదగిన మాట. కాని మూత్రము పుట్టు విధమును గూర్చి ఆ గ్రంథమే వేఱుగా చెప్పినది. క్రొత్తకుండను నీటిలో మూతివఱకు ముంచినచో ప్రక్కలనుండి నీ రూరి నిండునట్లు, సన్నని నాళములద్వారమున మూత్రము వస్తిలోనికి చేరునట. వృక్కములను మన శాస్త్రకారు లెఱుగుదురు. వానిని మేదస్సుతో ముడిపెట్టిరేకాని మూత్రము నచ్చట వెదకలేదు. సంస్కృతము చదివి జీవించుచున్నవాడను గనుక ఈ మాట చెప్పుటకు నాకు సంకోచము లేదు. ఋషులు చూచినదానికి నమస్కరింతము. చూడనిదానిని వారిపై మోపకుందము.

రోమకసామ్రాజ్యమున 2వ శతాబ్దిలో గేలెన్ అను వైద్యుడు బ్రదికియున్న జంతువుల మూత్రనాళములను కట్టివేసి, వస్తి యెండిపోవుటయు, కట్టుపైభాగము ఉబ్బుటయు చూపి, మూత్రము మూత్రపిండములలోనే పుట్టునని స్థాపించెను. 1666లో ఇటలీ దేశస్థుడగు మాల్పీఘీ సూక్ష్మదర్శినితో చూచి, మూత్రపిండములోని సన్నని రక్తనాళములకు పండ్లవలె వ్రేలాడు చిన్ని యుండలను వర్ణించెను. 1842లో లండనులో విలియమ్ బౌమన్, ఆ యుండ యొక గుళికలో నిమిడియున్నదనియు, ఆ గుళికనుండియే మూత్రవాహిక బయలుదేరుచున్నదనియు కనిపెట్టెను. ఆ కాలముననే జర్మనీలో కార్ల్ లుడ్విగ్, రక్తము ఒత్తిడిచే ఆ యుండలలో వడియగట్టబడుననియు, వడిసిన నీటిలో చాలవఱకు త్రోవలో మరల రక్తములోనికి పోవుననియు చెప్పెను. ఆ ఒత్తిడి యను మాటలోనే నా విద్యార్థి ప్రశ్నకు సమాధానము మొదలగుచున్నది.

మన రెండు మూత్రపిండములును కలిసి శరీరపు బరువులో నూటికి అఱపాలు మాత్రమే. అయినను గుండె పంపు రక్తములో నయిదవవంతో అంతకు కొంచె మెక్కువయో వానిగుండ పాఱును. అనగా నిమిషమునకు ఒక లీటరునకు పైమాట. అందుండి దినమునకు 180 లీటర్ల నీరు వడిసి, అందులో ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు వెనుకకు గ్రహింపబడును. ఇంత రక్తము మూత్రపిండముల ఆకలి తీర్చుటకు కాదు, శుద్ధియగుటకు వచ్చినది. మఱియు నా రక్తములో పెద్దపాలు పైపొరకే పోవును. లోపొరకు మిగులునది స్వల్పము. లోపొరలోని వాహికలకు పని మెండు, ప్రాణవాయువు కొఱత. సుఖదినములలోనే అవి అంచున నడచుచుండును.

సాగరుకాలువ క్రింద వ్యవసాయము చేయువారికి ఈ సంగతి చక్కగా తెలియును. జలాశయమున నీటిమట్టము తగ్గినచో త్రాగునీటిని కాపాడుటకై మొదట పొలముల తూములను దింపుదురు. శరీరమును అట్లే చేయును. రక్తము పోయినను, రక్తములోని నీరు పోయినను, గుండె నీరసించినను ఒత్తిడి పడిపోవును. దానినే వైద్యులు షాక్ అందురు. అప్పుడు గుండెను, మెదడును కాపాడుటకై శరీరము మూత్రపిండముల తూములను బిగించును. మొదట కొంతసేపు మూత్రపిండము తానే లోపలి నాళములను సవరించుకొని ప్రవాహమును నిలుపుకొనును. ఒత్తిడి సుమారు 80 మిల్లీమీటర్లకు దిగువకు పోయినచో ఆ నేర్పు సాగదు. వడియుట నిలుచును. కొన్నిగంటలు గడచునప్పటికి వాహికల గోడలు చచ్చి రాలి, త్రోవలకు అడ్డుపడును. అటుపిమ్మట గుండెకు బలము వచ్చి ఒత్తిడి సరిపడినను మూత్రము రాదు. నీరు విడిచినంత మాత్రమున ఎండిన పైరు వెంటనే లేవదుగదా.

ఇది పుస్తకములలో చేరుటకు చాలకాలము పట్టినది. 1832లో బ్రిటనులో కలరా వ్యాపించినప్పుడు, తరువాత కలకత్తాకు వచ్చి మనదేశమున టెలిగ్రాఫు తీగలు వేయించిన ఓషాఘ్నెస్సీయే, రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తగ్గినవనియు, మూత్రము నిలిచినవారి రక్తమున యూరియా చేరియున్నదనియు తెలిపెను. ఆ యేటనే థామస్ లాటా అను వైద్యుడు ఉప్పునీటిని నరములలోనికి ఎక్కించి కొందఱిని బ్రదికించెను. ఆ పద్ధతి పిమ్మట మఱుగున పడి, చాలకాలమునకు గాని మరల రాలేదు.

రెండవ ప్రపంచయుద్ధమున లండనుపై బాంబులు పడినప్పుడు ఈ రహస్యము మఱియొకమాఱు బయటపడెను. కూలిన యిండ్ల క్రింద గంటలకొలది చిక్కుకొన్నవారిని వెలికి తీసినప్పుడు కొందఱు చక్కగా మాటలాడుచు, తేఱుకొన్నట్లే కనబడిరి. కొంతసేపటికి నలిగిన కాలు ఉబ్బి, రక్తపు నీరంతయు నందులోనికి దిగి, ఒత్తిడి పడిపోయెను. రక్తము, రక్తరసము ఎక్కించగా మరల కోలుకొనిరి. పిమ్మట మూత్రము నల్లబడి, తగ్గి, నిలిచి, సుమారు వారమునకు మరణించిరి. ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్ అను ఇద్దఱు 1941లో అట్టి నలుగురు రోగుల చరిత్రను ప్రకటించిరి. ఈ వృత్తాంతమును చదువుచుండగా నా చేతిలోని పుస్తకము కొంతసేపు నిలిచిపోయినది. లండనులో కూలిన యింటినుండి తీయబడినవాడును, మా ప్రత్తిచేలో పడినవాడును ఒక్కటే త్రోవను పోయిరి: మొదట పతనము, నడుమ తేట, తుదకు మూత్రబంధము.

స్పెయిను దేశమున అంతర్యుద్ధమువలన బార్సిలోనా విడిచి ఇంగ్లండు చేరిన హోసెప్ ట్రుయేటా అను శస్త్రవైద్యుడు ఆ వార్త విని ఆలోచనలో పడెను. నలిగినది కాలు, చెడినది మూత్రపిండము, నడుమ నేమి జరిగినది? ఆయన ఆక్స్‌ఫర్డులో సహచరులతో గూడి కుందేళ్ల కాళ్లను బిగించి విడిచి, మూత్రపిండముల రక్తనాళములను పరీక్షించి, 1947లో గ్రంథమును ప్రకటించెను. రక్తము పైపొరను విడిచి లోపలి అడ్డత్రోవలను బట్టి పోవుచున్నదని యాయన సిద్ధాంతము. మనుష్యులలో నది యున్నదున్నట్లుగా నిలువలేదు. కాని పైపొరకు రక్తము తగ్గుననుట నిజమైనది. 1968లో అమెరికాలో హోలెన్‌బర్గ్ మొదలగువారు జినాన్ వాయువు సాయమున కొలిచి, మూత్రము నిలిచిన రోగులలో పైపొర రక్తప్రవాహము మిక్కిలి సన్నగిల్లినదని చూపిరి. ఒకడు సగము సరిగా, సగము తప్పుగా చెప్పుట, వెనుకటివాడు కొలిచి దిద్దుట — శాస్త్రము పెరుగు పద్ధతి యిదియే.

ఇక కాటుకరేకుల పొడ చేయు పనిని చూతము. దాని విషము రక్తమును పెరుగువలె పేరబెట్టు శక్తిగలది. 1934లో మాక్‌ఫార్లేన్ అను ఆంగ్లవైద్యుడు, రక్తస్రావము నిలువని జబ్బుగలవారి గాయములపై నీ విషమునే నీటిలో పలుచన చేసి పూసి రక్తమును కట్టించెను. శరీరములోనికి ఎక్కినప్పుడు ఆ గుణమే ప్రాణాంతకమగును. నాళములలో నెక్కడికక్కడ సన్నని గడ్డలు కట్టుటచేత గడ్డకట్టించు పదార్థమంతయు ఖర్చగును; మిగిలిన రక్తము కట్టదు. చిగుళ్లనుండి, కాటునుండి, మూత్రమున నెత్తురు కారును. నాళముల గోడలు చిల్లులుపడి నీరు కండలలోనికి దిగును. ఒత్తిడి పడిపోవును. మూత్రపిండమునకు ఒకేసారి మూడు దెబ్బలు: ప్రవాహము తగ్గుట, సన్ననాళములు గడ్డలతో మూసికొనుట, విషము తిన్నగా వాహికలను తాకుట. వాహికలు మాత్రమే చెడినచో కొన్నివారములలో మరల చిగిర్చును. పైపొర యంతయు చచ్చినచో తిరిగి రాకపోవచ్చును. పాముకాటువలన కలుగు ఇట్టి మూత్రబంధములను చండీగఢ్‌లో చుగ్ అను వైద్యుడును ఆయన సహచరులును పరిశోధించి లోకమునకు తెలిపిరి.

ఇప్పుడు మంత్రమునకు పేరెట్లు వచ్చుచున్నదో చదువరులే యూహింపగలరు. కఱచిన పాములలో చాలవాటికి విషమే లేదు. విషముగలవియు కొన్నిమాఱులు విషమును దింపకయే కఱచును. ఆ రోగులందఱును మంత్రగాని ఖాతాలో చేరుదురు. రక్తపింజరి విషమెక్కినవాడు మొదటిరాత్రి గడచి తేఱుకొనినచో అదియు మంత్రమహిమయే. అయిదవనాటి వాపును, ఎనిమిదవనాటి చావును ఎవ్వరును ఆ ఖాతాలో వ్రాయరు. ఇందు మంత్రగాడు మోసగాడు కానక్కఱలేదు. అతడును కనబడినదానినే నమ్మినవాడు. తప్పు లెక్కలో నున్నది. మంత్రము దినములు లెక్కింపదు, మూత్రపిండము లెక్కించును.

ఈ చావులు స్వల్పములు కావు. 2000 మొదలు 2019 వఱకు మనదేశమున పాముకాటుచేత సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి 58,000మంది చనిపోయిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. అందు పెద్దపాలు ఎనిమిది రాష్ట్రములది. తెలంగాణముతో కూడిన ఆంధ్రదేశము ఆ యెనిమిదింటిలో నొకటి. చనిపోయినవారిలో నెక్కువమంది పల్లెవాసులు, తొలకరినుండి పంటపనులు చేయువారు. ప్రపంచారోగ్యసంస్థ 2017లో పాముకాటును ఉపేక్షింపబడిన వ్యాధుల పట్టికలో చేర్చెను. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని భారతప్రభుత్వము 2024లో కార్యక్రమము ప్రకటించినది.

మందు లేదనువారికి సమాధానము చరిత్రయే చెప్పుచున్నది. 1895 ప్రాంతమున ఫ్రెంచివాడగు కాల్మెట్ నాగుపాము విషమునకు విరుగుడుమందును గుఱ్ఱపు రక్తమునుండి తయారుచేసెను. అన్ని పాములకు నదియే చాలునని యాయన తలచెను. 20వ శతాబ్ది తొలియేండ్లలో మనదేశమున జార్జి లాంబ్ అను వైద్యుడు, నాగుపాము విరుగుడు రక్తపింజరికి పనిచేయదని చూపెను. నేడు మనదేశమున వాడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటికిని కలిపి చేసినది. దానికి కావలసిన విషమును మదరాసు చేరువ ఇరులజాతివారు 1978లో పెట్టుకొన్న సహకారసంఘము సేకరించుచున్నది. ఒకప్పుడు పాముతోళ్లకై వేటాడినవారే నేడు పామును చంపక విషము పిండి విడిచి, వేలమందికి ప్రాణము పోయుచున్నారు. ఈ మందు రక్తములో తిరుగు విషమును పట్టును. మూత్రపిండమున నప్పటికే జరిగిన చెఱుపును తీర్చలేదు. కాబట్టి మొదటి గంటలే విలువైనవి. ఆలస్యమై మూత్రము నిలిచినవారికి డయాలిసిస్ శరణ్యము. 1943లో జర్మనుల యాక్రమణలోనున్న హాలండున విల్లెమ్ కోల్ఫ్ అను వైద్యుడు రోగి రక్తమును పలుచని గొట్టములగుండ త్రిప్పి, లవణజలమున ముంచి శుద్ధిచేయు చక్రమును నిర్మించెను. 1945లో ఆ చక్రమువలన మొదటి రోగి బ్రదికెను. మూత్రపిండము మరల చిగిర్చువఱకు దాని పనిని యంత్రము చేయును. మూత్రము నిలిచినంత మాత్రమున ఆశ వదలనక్కఱలేదని దీని భావము.

గృహస్థులకు చెప్పదగినవి నాలుగు మాటలే. కఱవబడినవానిని నడిపింపక, కాలినో చేతినో కదలకుండ బద్దతో కట్టి, వెంటనే వైద్యశాలకు చేర్పవలెను; 108కి ఫోను చేసినచో బండి వచ్చును. త్రాడు బిగించుట, కోయుట, కాల్చుట కూడదు. నొప్పికని ఊరిలో డైక్లోఫెనాక్ వంటి సూదిమందులు వేయింపరాదు. 1971లో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు, ఆస్పిరిన్ జాతి మందులు శరీరములో ప్రోస్టాగ్లాండిన్లు పుట్టకుండ అడ్డుపడునని కనిపెట్టెను. కష్టకాలమున మూత్రపిండము తన తూమును తెఱచియుంచుకొనునది ఆ పదార్థములతోనే. నొప్పి తీర్చబోయి ఆ కడపటి తూమును మనమే మూసినవార మగుదుము. వైద్యశాలలో రోగి రక్తమును శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదలక యుంచి, గడ్డకట్టినదో లేదో చూతురు. మాచర్లనుండి గుంటూరు పెద్దాసుపత్రి నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. కాబట్టి విరుగుడుమందును ఈ చిన్నపరీక్షను చేరువలోనే దొరకునట్లు చూడుమని అధికారులను అడుగుట గ్రామపెద్దల ధర్మము.

నాలుగవమాట ఇంటి ఆడువారికి ముఖ్యముగా మనవి చేయుచున్నాను. రోగి ప్రక్కన కూర్చుండువారు వారే గనుక. రోగి తేఱుకొని యింటికి వచ్చిన పిమ్మటను కొన్నిదినములు మూత్రమును గమనింపుడు. ఎఱ్ఱబడినను, నల్లబడినను, దినమున రెండు గ్లాసులకు తగ్గినను మరునాటివఱకు ఆగవలదు. మూత్రమును గూర్చి మాటలాడుట మన యిండ్లలో నాగరికము కాదందురు. పెద్దలు సిగ్గుపడి చెప్పరు. పిల్లలు చెప్పినచో మనము నవ్వుదుము. ఆనాడు వాకిటనుండి తిరిగివచ్చి నాతో ఆ మాట చెప్పిన పిల్లవాడు తనకు తెలియకయే రోగనిదానమంతయు చెప్పెను. అది యింకను వేళ మించని దినము. రెండు భాషలు చదివిన నాకు ఆ మాట అర్థము కాలేదు. ఈ వ్యాసము చదివినవారిలో నొక్కరికైనను అట్టి మాట చెవిని పడినప్పుడు అర్థమగునేని, ఆ కుటుంబమునకు నేను పడిన ఋణములో కొంచెమైన తీఱినదని తలంతును.